నిద్రపోయే తొండకు తిండి పెట్టాను

మా ఇంటికి తొండ వచ్చిన రోజు నేను చాలాసేపు గరాజ్‌లోనే నిలబడ్డాను. లోపల మా అమ్మాయి ఆ గాజుపెట్టెని సోఫా పక్కన సర్దుకుని, పైన దీపం బిగించుకుని, "డాడీ, కమ్ సీ" అని పిలుస్తూనే ఉంది. నేను కారులో ఏదో వెతుకుతున్నట్టు నటించాను. చిన్నప్పుడు ముళ్ళకంచెల మీద తొండలు తలకాయలు ఊపుతుంటే మమ్మల్నే వెక్కిరిస్తున్నాయని రాళ్ళు విసిరిన గుంపులో నేనూ ఉన్నాను. యాభై ఏళ్ళు వచ్చాక, కెనడాలోని రెజైనాలో, అక్టోబరు చలిలో, ఆ జాతి జంతువొకటి నా టీవీ ఎదురుగా కాపురం పెడుతుందని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ణి.

అది మనవైపు తొండ కాదు. ఆస్ట్రేలియా ఎడారుల జాతి. ఇక్కడ బియర్డెడ్ డ్రాగన్ అంటారు. మూరెడు పొడవు, ఇసుక రంగు, గొంతు కింద ముళ్ళముళ్ళ గడ్డం. పక్కింటి పెద్దావిడ ఆరేళ్ళుగా పెంచుకుంటోంది. ఆవిడ లైబ్రరీలో పనిచేసి రిటైరైన మనిషి. మోకాళ్ళు పోయి, ఒంటరిగా ఉండలేక వృద్ధుల హోమ్‌కి వెళ్ళిపోతూ, అక్కడ జంతువుల్ని రానివ్వరని, దాన్ని మా అమ్మాయికి అప్పగించింది. స్కూలు నుంచి వచ్చాక రోజూ ఆ ఇంట్లోనే గడిపిన పిల్ల కాబట్టి నన్ను అడగాలని ఇద్దరికీ తోచలేదు.

మా అమ్మాయికి అప్పుడు పదమూడేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. తన మాటల్ని ఇక్కడ నేనే తెలుగులోకి మార్చి రాస్తున్నాను. తనకి తెలుగు చదవడం రాదు కనుక తప్పులు పట్టదు.

మా ఆవిడ రెండేళ్ళ కిందట, ఇక్కణ్ణించి విమానంలో వెళ్ళాల్సినంత దూరంలో ఉన్న వాటర్లూలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయింది. విడిపోయినా నా నోటికి 'మా ఆవిడ' అనే వస్తుంది, మార్చుకోలేకపోయాను. నేను ఇక్కడ ప్రొవిన్స్ గవర్నమెంట్‌లో ఐటీ ఉద్యోగం వదల్లేదు. మేం ఎందుకు విడిపోయామన్నది ఇక్కడ అక్కర్లేదు. ఇద్దరం మంచివాళ్ళమే, ఒకే ఇంట్లో ఉండనంతవరకు. అమ్మాయి గ్రేడ్ ఎయిట్ అయ్యేదాకా నా దగ్గర ఉండాలని, హైస్కూలు ఇక్కడా అక్కడా అన్నది వసంతంలోగా తనే చెప్పాలని ఒప్పందం చేసుకున్నాం. ఆ చలికాలమంతా నేను ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసం. అమ్మాయి ఉండిపోతానంటే నాకు ఇల్లుంటుంది, వెళ్ళిపోతానంటే తాళం వేసుకుని తీసుకునే గోడలుంటాయి.

గరాజ్‌లో నిలబడ్డప్పుడే నాకొక సంగతి వెలిగింది. మా ఆవిడకి బల్లి అంటే వణుకు. వంటింట్లో గోడ మీద బల్లి కనిపిస్తే పొయ్యి ఆపేసి బయటికి వచ్చేసే మనిషి. మూరెడు తొండని తన అపార్ట్‌మెంట్‌లోకి ఛస్తే రానివ్వదు. అంటే తొండ ఇక్కడ ఉంటే, దాన్ని వదల్లేక పిల్లా ఇక్కడే ఉంటుంది. అది నా పార్టీ మనిషన్నమాట. ఆ లెక్క తేలాక లోపలికి వెళ్ళి, "బాగుంది తల్లీ, చక్కగా ఉంది" అన్నాను. అమ్మాయి నన్ను అనుమానంగా చూసింది.

దానికో పేరుంది. అది వాళ్ళ పేరు, నేను రాయను. నేను మాత్రం దొర అని పిలిచేవాణ్ణి. పొద్దున్నే దీపం వెలగ్గానే రాతి మీదికెక్కి, గడ్డం ఎత్తి, ఎవరో వచ్చి అర్జీ పెట్టుకోవాలన్నట్టు కూర్చునేది. దాని భోజనం మాటకొస్తే, నేను గుడ్డు కూడా గుమ్మం దాటని ఇంట్లో పెరిగినవాణ్ణి. అలాంటివాడు పెట్ షాపులో బతికున్న కీచురాళ్ళు డబ్బాలతో కొనడం మొదలుపెట్టాడు. నవంబరు చలికి షాపు నుంచి కారు దాకా వచ్చేలోపే చచ్చిపోతాయని డబ్బాని జాకెట్ జిప్పు లోపల పెట్టుకుని నడిచేవాణ్ణి. అవి పొట్ట మీద కదులుతుంటే, మా అమ్మ చూస్తే ఏమంటుందో అనుకుని నాలో నేనే నవ్వుకునేవాణ్ణి. ఇంటికొచ్చి ఆకుకూర సన్నగా తరిగి, గుమ్మడికాయ కోరి పళ్ళెంలో పెట్టేవాణ్ణి. దొర నాలుక చాచి ఒక్కో పురుగునీ టపీమని అందుకుంటుంటే అమ్మాయీ నేనూ భుజాలు ఆనించుకుని చూసేవాళ్ళం. రెండేళ్ళలో మేమిద్దరం కలిసి అంతసేపు కూర్చున్నది ఆ పెట్టె ముందే.

నవంబరు సగమయ్యేసరికి దొర తినడం తగ్గించాడు. మూల చేరి కళ్ళు మూసుకుని పడుకునేవాడు. నాకు భయం వేసింది. అమ్మాయికి వెయ్యలేదు. పెద్దావిడ ఇచ్చి వెళ్ళిన కాగితాలు తెచ్చి, చలికాలం గురించిన పేజీ నాకు చదివి వినిపించింది.

"వాళ్ళు చలికాలం నిద్రపోతారు డాడీ. రెండు నెలలు, మూడు నెలలు. జబ్బు కాదు. మనం చెయ్యాల్సింది కొంచెమే. ముందు రెండు వారాలు తిండి ఆపెయ్యాలి, లైటు మాత్రం ఉంచాలి. పొట్ట ఖాళీ అయిపోవాలి. తర్వాత లైటు ఆపేసి చల్లని గదిలో పెట్టాలి. వారానికోసారి బరువు చూడాలి. మంచినీళ్ళు మార్చాలి. తనంతట తను పూర్తిగా లేచేదాకా తిండి పెట్టకూడదు."

తిండి పెట్టకూడదు అన్న మాట కింద పెద్దావిడ రెండు గీతలు గీసింది. ఎందుకో కూడా పక్కన రాసింది. వెచ్చదనం లేకపోతే వాటికి తిన్నది అరగదు, కడుపులోనే కుళ్ళిపోతుంది. అమ్మాయి ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించింది. నాకు ఇంగ్లీషు వచ్చు. నేను రోజూ పాలు తీసుకునేటప్పుడు చదివేవాణ్ణి. తెలియక చేశాను అనడానికి నాకు వీల్లేదు.

ఆ పస్తు రోజులు నాకు నరకం. దీపం కింద వెలుగులో కూర్చోబెట్టి ఒక ప్రాణిని పస్తు పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. మా అమ్మ ఇంట్లో ఎవర్నీ ఖాళీ కడుపుతో పడుకోనిచ్చేది కాదు. అలిగి పడుకున్నవాళ్ళని లేపి, కళ్ళు మూసుకునే ఉన్నా సరే, నోట్లో నాలుగు ముద్దలు పెట్టి పడుకోబెట్టేది. జ్వరం వచ్చినా ఇంకొక్క ముద్ద, పరీక్ష తప్పినా ఇంకొక్క ముద్ద. ప్రేమంటే నాకు తెలిసిన ఆకారం అదొక్కటే. ఇక్కడివాళ్ళ పద్ధతి వేరు. పిల్లలు తినకపోతే ఆకలేసినప్పుడు వాళ్ళే అడుగుతారని పళ్ళెం తీసేస్తారు. పెద్దావిడా ఆ బాపతే కదా, తొండ గురించి ఇంకేం రాస్తుంది అనుకున్నాను. ఆవిడ ఆరేళ్ళు దాన్ని బతికించిందన్న సంగతి నా తలకెక్కలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకాన్ని నేను. మా ఆవిడ ఈ మాట నన్ను చాలాసార్లు అంది.

డిసెంబరులో అమ్మాయి క్రిస్మస్ సెలవులకి వాటర్లూ వెళ్ళాల్సి ఉంది. బయల్దేరేలోపు దొరని నిద్రకి సర్దిపెట్టాలని, పద్నాలుగు రోజులు నిండకుండానే పన్నెండో రోజున దీపం ఆపేసింది. బేస్‌మెంట్‌లో ఖాళీగా ఉన్న చిన్న గదిలో పెట్టె పెట్టి, లోపల అట్టపెట్టె గూడులా అమర్చి, పాత తువ్వాలు పరిచింది. దొర తువ్వాలు కిందికి దూరి, తోక చుట్టుకుని పడుకున్నాడు. అమ్మాయి ఒక నోట్‌బుక్‌లో తేదీ, బరువు రాసుకుంది. నా పప్పులు తూచుకునే త్రాసే దానికీ పనికొచ్చింది.

ఎయిర్‌పోర్టులో నాచేత మూడుసార్లు అప్పజెప్పించుకుంది. ఆదివారం బరువు, ఫొటో, నీళ్ళు.

"ఇంకా?"

"తిండి పెట్టను."

"లేపకూడదు కూడా."

"లేపను తల్లీ. నువ్వు ఈ పులిహోర తీసుకెళ్ళు, దారిలో తిందువు."

"నాకు కడుపు నిండుగా ఉంది డాడీ" అని నన్నొకసారి గట్టిగా పట్టుకుని వెళ్ళిపోయింది. పులిహోర డబ్బా వెనక్కి తెచ్చుకుని నేనే తిన్నాను.

ఇంట్లో ఒక్కణ్ణే ఉండటం నాకు కొత్త కాదు, అలవాటూ కాలేదు. బయట మైనస్ ముప్పై. ఆఫీసుకి సెలవులు. పొద్దున వంట చేసుకోవడం, మధ్యాహ్నం అదే తినడం, మధ్యమధ్య బేస్‌మెంట్‌లోకి దిగి తువ్వాలు కొంచెం ఎత్తి చూడటం. ఆదివారం దొరని తీసి త్రాసు మీద పెట్టాను. అమ్మాయి రాసిన దానికన్నా తొమ్మిది గ్రాములు తగ్గింది. ఆ మాత్రం తగ్గుతుందని కాగితంలో ఉంది. కానీ నా చేతికి నడుము దగ్గర ఎముకలు తగిలాయి. సరిగ్గా అప్పుడే దొర కళ్ళు తెరిచాడు. నా వైపు చూసి, నాలుక చాచి నా బొటనవేలు నాకాడు. అంతకుముందే తాలింపు వేసి వచ్చాను, ఆ వాసనే అయి ఉంటుంది. నాకు మాత్రం అడిగినట్టే అనిపించింది. ఇంట్లో ఉన్న రెండో ప్రాణి నోరు తెరిచి ఆకలని అడిగితే, కాగితం మీద గీతలు చూసుకుని తువ్వాలు కప్పెయ్యడం నా వల్ల కాలేదు.

కారు తీసుకుని పెట్ షాపుకి వెళ్ళాను. డబ్బా జాకెట్‌లో పెట్టుకుని తెచ్చాను. దొరని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒక్కొక్క పురుగునీ మూతి దగ్గర పెట్టాను. మొదటిదానికి చాలాసేపు ఆలోచించాడు. తర్వాత తిన్నాడు. ఏడు తిన్నాడు. నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి, సంతోషంతోనే. తర్వాత వెచ్చదనం కోసం దీపం వెయ్యాలా అని ఒక క్షణం అనుకున్నాను. వెలుగు పడితే నిద్ర చెడుతుందని కాగితంలో ఉంది కదా అని చీకట్లోనే తువ్వాలు కప్పి పైకి వచ్చేశాను. ఆవిడ రాసిన రూల్స్‌లో నాకు నచ్చని ఒక్కటే తప్పాను, మిగతావన్నీ శ్రద్ధగా పాటించాను. దొరని చంపింది అదే.

ఆరోజు పప్పన్నం నాకు రుచిగా అనిపించింది. మంగళవారం మళ్ళీ పెట్టాను. ఈసారి కళ్ళు సగమే తెరిచాడు, మూడే తిన్నాడు. గురువారం అసలు కదల్లేదు. గుమ్మడికాయ మెత్తగా ఉడికించి, చల్లార్చి, వేలితో మూతికి రాశాను. కాస్త నాకాడు. "ఇంకొక్కటి, ఇంకొక్కటి నాన్నా" అంటూ పళ్ళ సందున వేలు దూర్చి పెట్టాను. పొట్ట గుండ్రంగా కనిపించింది. కాస్త ఒళ్ళు చేశాడనుకున్నాను. మనవైపు పిల్లల బుగ్గలు చూసి ముచ్చటపడినట్టే పడ్డాను.

శనివారం అమ్మాయి ఒక రోజు ముందే ఫొటో అడిగింది. తీసి పంపాను. వెంటనే ఫోన్ చేసింది. స్పీకర్‌లో పెట్టినట్టుంది, వెనక కుక్కర్ విజిల్ వినిపించింది, మా ఆవిడ ఎవరితోనో మాట్లాడుతున్న గొంతూ వినిపించింది.

"డాడీ, పొట్ట ఎందుకలా ఉంది? నువ్వేమైనా తిండి పెట్టావా?"

"లేదమ్మా" అన్నాను.

"నిజంగా?"

"లేదు తల్లీ. నిద్రలో అలా ఉంటాడేమో. పక్కకి తిరిగి పడుకున్నాడు, అందుకే అలా కనిపిస్తోంది."

"ఓకే. అయితే పర్లేదు" అంది. గొంతులో బరువు దిగిపోవడం నాకు తెలిసింది.

ఎందుకు లేదన్నానో చెప్పుకోవాలి. అమ్మాయి కోప్పడుతుందని కాదు. ఆ వంటింట్లో మా ఆవిడ వింటోంది. 'ఆయనకి ఎంత చెప్పినా అంతే, తను అనుకున్నదే చేస్తారు' అని అక్కడ ఒక మాట పడుతుంది. అమ్మాయి ఆ మాట విని, హైస్కూలు ఎక్కడ చదవాలో ఆలోచించుకుంటుంది. ఆ పోటీలో ఓడిపోకూడదనుకున్నాను. అప్పటికి దొర బతికే ఉన్నాడు.

సోమవారం పొద్దున తువ్వాలు ఎత్తితే వాసన వచ్చింది. దొర ఒళ్ళు మెత్తబడి ఉంది, పొట్ట కింద నల్లగా కమిలింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పరుగెత్తి దీపం వేశాను, గోరువెచ్చని నీళ్ళు తెచ్చాను, పేరు పెట్టి పిలిచాను, నేనెప్పుడూ పిలవని ఆ పేరుతోనే. తర్వాత చాలాసేపు నేల మీద కూర్చున్నాను. రెజైనాలో ఆ నెలల్లో నేల ఇనుములా బిగిసి ఉంటుంది, గుంట తవ్వడం కుదరదు. బూట్ల పెట్టెలో తువ్వాలుతో సహా పెట్టి గరాజ్‌లో అరమీద ఉంచాను. అక్కడి చలికి మంచుగడ్డలా అయిపోతుంది.

అమ్మాయికి ఫోన్‌లో చెప్పలేదు. వచ్చాక కారులో చెప్పాను. సీటు బెల్టు రెండు చేతులతో పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చుంది. ఇంటికి రాగానే బేస్‌మెంట్‌లోకి వెళ్ళి, ఖాళీ పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని అప్పుడు ఏడ్చింది. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను.

"నేనే చంపాను డాడీ" అంది.

నాకు అర్థం కాలేదు.

"పద్నాలుగు రోజులు ఉంచాలి. నేను పన్నెండుకే లైటు ఆపేశాను, ఫ్లయిట్ ఉందని. లోపల ఇంకా తిండి ఉండిపోయింది. ఫొటోలో పొట్ట అందుకే అలా ఉంది. నువ్వు పెట్టలేదు కదా, మరి ఇంకెలా?"

నేను చెప్పాల్సింది అప్పుడే. నోటి దాకా వచ్చింది. బదులుగా, మనవాళ్ళు ఎవరు పోయినా అనే మాట అన్నాను. "అలా అనుకోకు తల్లీ. దాని ఆయుష్షు అంతే. మన చేతుల్లో ఏముంది." ఆ మాట ఎంతమంది తప్పుల్ని కప్పి ఉంటుందో అప్పటిదాకా నేను ఆలోచించలేదు. అమ్మాయి తల అడ్డంగా ఊపింది. తను అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు.

జనవరి అలా గడిచింది. స్కూలుకి వెళ్ళేది, వచ్చేది, హోంవర్క్ చేసుకునేది. పెద్దావిడని చూడ్డానికి నెలకోసారి హోమ్‌కి తీసుకెళ్ళేవాణ్ణి. ఇప్పుడు రానంది. "ఆవిడ అడుగుతారు, నేనేం చెప్పాలి?" అంది. నేను దోసెలు వేసి, గారెలు వేసి, తనకిష్టమని నూడుల్స్ కూడా నేర్చుకుని చేసి పెట్టాను. చెప్పాల్సిన మాట మింగేసి పళ్ళెంలో ఏదో ఒకటి వడ్డించేవాణ్ణి. తను కొంచెం తిని, థాంక్స్ చెప్పి లేచేది. హైస్కూలు సంగతి ఇద్దరం ఎత్తలేదు. అది నాకు అనుకూలంగానే ఉందని కూడా అనిపించింది. చచ్చిపోయిన తొండ గురించి కలిసి బాధపడుతున్నాం కాబట్టి నన్ను వదిలి వెళ్ళదనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా అనుకున్నమాట నిజం.

ఫిబ్రవరి ఆఖర్లో తన గది ఊడుస్తుంటే ఆ నోట్‌బుక్ కనిపించింది. బరువుల పట్టీలో పన్నెండో రోజు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. కింద ఒక పేజీ నిండా చిన్న అక్షరాలతో దొరకి ఉత్తరం. నీకు ఇంకో రెండు రోజులు ఇవ్వలేకపోయాను, నాకు విమానం ముఖ్యమైపోయింది, నిన్ను చూసుకునే అర్హత నాకు లేదు. పదమూడేళ్ళ పిల్ల రాసిన మాటలు. తర్వాతి పేజీల్లో కూడా అవే మాటలు, వేర్వేరు తేదీలతో. జనవరి నుంచి రాస్తూనే ఉంది. నేను వంటింట్లో దోసెలు తిప్పుతున్నప్పుడు తను పైన కూర్చుని ఇది రాసుకుంది.

మర్నాడు ఆదివారం. టిఫిన్‌కి కూర్చుంది. నేను పొయ్యి ఆపి ఎదురుగా కూర్చున్నాను.

"నువ్వు చంపలేదు తల్లీ. నేను తిండి పెట్టాను."

తన ముఖంలో ఏమీ మారలేదు. "ఎన్నిసార్లు?"

"మూడుసార్లు."

"లైటు వేశావా?"

"వెయ్యలేదు."

"నేను ఫోన్ చేసినప్పుడు?"

"అప్పటికే పెట్టేశాను."

చేతిలో ఉన్న దోసె ముక్క పళ్ళెంలో పెట్టేసింది. "అప్పుడు బతికే ఉన్నాడు. నువ్వు చెప్పి ఉంటే లైటు వెయ్యమని చెప్పేదాన్ని. రెండు రోజులు వెచ్చగా ఉంచి, జంతువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమనేదాన్ని. బతికేవాడేమో."

"తెలుసు."

"మరి ఎందుకు లేదన్నావ్?"

"మీ అమ్మ వింటోందని" అన్నాను. "నన్ను ఏమన్నా అంటుందని. అది విని నువ్వు అక్కడికి వెళ్ళిపోతావేమోనని."

పళ్ళెం కొంచెం అవతలికి జరిపింది. బయట ఎవరో మంచు తోస్తున్న చప్పుడు వస్తోంది. "రెండు నెలలు నేనే చంపాననుకున్నాను డాడీ" అంది. "రోజూ నేనే అనుకున్నాను. నువ్వు చూస్తూనే ఉన్నావు." లేచి, పళ్ళెం సింక్‌లో పెట్టి, కడిగి, బోర్లించి పైకి వెళ్ళింది. అరిచి, తిట్టి, తలుపు దడాలున వేసి ఉంటే నాకు బాగుండేది.

ఏప్రిల్లో వాటర్లూ వెళ్తానని చెప్పింది. అక్కడ స్కూల్లో సైన్స్ బాగుంటుందట. ఆ మాట మర్యాదగా, నాకు నొప్పి తగలకుండా చెప్పింది. దొర వల్లేనా అని నేను అడగలేదు. అడిగితే కాదంటుంది, కాదన్నది నమ్మాలో లేదో నాకు తెలియదు. మేలో నేల కరిగాక పెరట్లో కంచె పక్కన గుంట తవ్వాను. బూట్ల పెట్టె తనే దింపింది, మట్టి తనే కప్పింది. పెద్దావిడకి ఫోన్ చేసి దొర పోయాడని చెప్పిందట. ఏం చెప్పి ఉంటుందో నాకు తెలియదు.

ఆగస్టులో మా ఆవిడ అమ్మాయిని తీసుకెళ్ళడానికి వచ్చింది. విడిపోయాక ఆ ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి. సూట్‌కేసులు హాల్లో ఉన్నాయి. మధ్యాహ్నం ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. పప్పు, వంకాయ వేపుడు, చారు చేశాను. మా ఆవిడ గరాజ్‌లోంచి వస్తూ, మేం అక్కడ పెట్టేసిన ఖాళీ గాజుపెట్టెని చూసినట్టుంది.

"ఇంతకీ ఆ తొండ ఎలా పోయింది? బానే ఉందన్నారు కదా ఫోన్లో" అని నన్నే అడిగింది. మామూలుగానే అడిగింది, ఎత్తిపొడుపు లేదు.

నేను నోరు తెరిచేలోపు అమ్మాయి అందుకుంది. వాళ్ళ అమ్మతో కూడా ఎప్పుడూ ఇంగ్లీషులోనే మాట్లాడే పిల్ల, తెలుగులో చెప్పింది. నెమ్మదిగా, ఒక్కో మాటా వెతుక్కుంటూ.

"అది నా మిస్టేక్ అమ్మా. నేను తొందరగా పడుకోబెట్టాను. డాడీ బాగా చూసుకున్నారు."

"పోన్లే నాన్నా" అని మా ఆవిడ తన తల నిమిరింది. "చిన్నపిల్లవి, నీకేం తెలుసు."

అమ్మాయి నా వైపు చూడలేదు. కాదు, నేనే అని చెప్పడానికి ఒక్క మాట చాలు. గరిటె చేతిలోకి తీసుకున్నాను. వాళ్ళిద్దరూ ఫ్లయిట్ టైము గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేను చారు వడ్డించాను.